వానల లెక్కల దొర - సర్ గిల్బర్ట్ వాకర్

ఉగాదినాడు వేపపూత పచ్చడి చేదు నాలుక మీద ఇంకా ఉండగానే, మా మోక గ్రామంలో పంచాంగం వినడానికి అందరూ గుడి ముంగిట చేరేవారు. ఈ యేటి రాజెవరు, మంత్రి ఎవరు, సైన్యాధిపతి ఎవరు అన్నది పిల్లలకు వినోదం. పెద్దల చెవులు మాత్రం మేఘాధిపతి, సస్యాధిపతి దగ్గరకు వచ్చేసరికి నిక్కపొడుచుకొనేవి. వాన ఎన్ని ఆఢకాలు? అందులో సముద్రంలో కురిసే భాగాలెన్ని, పర్వతాల మీద ఎన్ని, భూమి మీద ఎన్ని? సముద్రానికి పోయే వాటా పెద్దదని విన్నప్పుడల్లా మా తాతగారు నిట్టూర్చేవారు. ఉప్పునీళ్లకు వాన దేనికి, నల్లరేగడికి గదా కావలసింది అన్నది ఆయన బాధ. మోక రేగడికి వాన పడాలా వద్దా అన్న వ్యవహారంలో, ఆయన ఎన్నడూ చూడని సముద్రాలకు కూడా ఒక మాట ఉన్నదని ఆయనకు తెలియదు. ఆ సంగతిని లెక్కలు కట్టి మొదట పట్టుకొన్న ఒక దొర కథ ఈ ఉగాది సంచికలో చెప్పాలని నా ఉద్దేశం.

మన సంఘ సభ్యులలో కోస్తా జిల్లాలవారికి, తెలంగాణావారికి మోక పేరు తెలియకపోవచ్చు. బళ్ళారికి ఈశాన్యంగా, హగరి అని మేము పిలిచే వేదవతి దరిన ఉన్న ఊరు. నది అవతల కొంత దూరం పోతే ఆలూరు తాలూకా, కర్నూలు జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి తాలూకా మైసూరుకు పోయింది. మేము ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కోపంలో రెండూ మాట్లాడుతాము. హగరిలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే పారుతుంది, నీళ్లు పారవు. ఆ ఇసుకలో చెలమ తవ్వి తాగునీరు తోడుకోవడం నా తరంవాళ్లందరికీ అనుభవమే. సాలుకు ఇరవై అంగుళాల వాన పడితే అది మంచి యేడు. అందులోనూ సింహభాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. ముంగారి వాన మోసం చేస్తే హింగారికి చూడాలి, అదీ మోసం చేస్తే పాతరలో దాచిన జొన్నల కోసం చూడాలి. పాతర కూడా అడుగంటితే ఏమి జరుగుతుందన్నది మావాళ్లు ఒకసారి చూశారు.

అది 1876. ఆ యేడు వానలు పోయాయి. మరుసటి యేడు కూడా తప్పాయి. ధాత కరువు అని పేరు పడ్డ ఆ కరువులో దక్షిణ దేశమంతా కలిసి అర కోటిమందికి పైగా చనిపోయారని అంచనాలు. మద్రాసు రాజధానిలో అత్యంత దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. కరువు పనుల్లో రోజుకు ఒక పౌను ధాన్యం, దానితోపాటు ఒకటి రెండు చిల్లర కాసులు చాలునని నిర్ణయించిన అధికారి పేరు చరిత్రలో నిలిచిపోయింది. ఆయన గొడవ ఇక్కడ ఎత్తను. ప్రభుత్వానికి ఒక్కటి మాత్రం బోధపడింది: వాన తప్పుతుందని ముందుగా తెలుసుకోగలిగితే ధాన్యాన్ని ముందే కదిలించవచ్చు.

భారత వాతావరణ శాఖ 1875లోనే పుట్టింది. దాని మొదటి అధిపతి బ్లాన్‌ఫర్డు దొర, హిమాలయాల మీద మంచు ఎక్కువగా పేరుకొన్న యేడు వానలు తగ్గుతాయని గమనించి, 1886 జూన్ 4 నుంచి ఏటేటా వర్షకాల సూచన వెలువరించడం మొదలుపెట్టాడు. ఆయన తరువాతివాడు సర్ జాన్ ఇలియట్. ఆయన సూచనలు పేజీలకు పేజీలు సాగేవి. 1899లో మంచి వానలు కురుస్తాయని ఆయన చెప్పాడు. ఆ యేడు పడ్డ కరువు 1877నాటి దానితో పోటీపడింది. ఇంకేముంది, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. తరువాత కొంతకాలం ఆ సూచనలను బయటి ప్రజలకు చెప్పకుండా అధికారుల మధ్యనే గుట్టుగా ఉంచారు. పంచాంగం తప్పితే మనం శాస్త్రులుగారిని ఏమీ అనము గాని, సర్కారు పంచాంగం తప్పితే ఊరుకొంటామా?

ఇలియట్ స్థానానికి మనిషిని వెదికినప్పుడు దొరికినవాడు వాతావరణ శాస్త్రం ఎన్నడూ చదువుకోని గణితవేత్త కావడం విచిత్రమే.

గిల్బర్ట్ థామస్ వాకర్ 1868 జూన్ 14న ఇంగ్లండులో లాంకషైరు ప్రాంతపు రాచ్‌డేలు పట్టణంలో పుట్టాడు. తండ్రి ఇంజనీరు, సంసారం పెద్దది. లండనులోని సెయింట్ పాల్సు పాఠశాలలో చదివేటప్పుడే బొంగరాల మీద, తిరిగే చక్రాల మీద మోజు పట్టుకొన్నది. కుర్రతనంలోనే ఒక గైరోస్కోపు చేశాడు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి 1889లో గణిత పరీక్షలో అందరికన్న మొదటివాడై సీనియర్ రాంగ్లర్ అయ్యాడు. ఆ చదువు ఒత్తిడి ఊరికే పోలేదు. మరుసటి యేడే ఆరోగ్యం దెబ్బతిని, మూడు చలికాలాలు స్విట్జర్లండు కొండల్లో గడపవలసి వచ్చింది. అక్కడ మంచు మీద జారుతూ ఆడే ఆటలో ఆరితేరాడు. కోలుకొని వచ్చి కేంబ్రిడ్జిలో ఉపన్యాసకుడైనాడు. ఖాళీ సమయంలో కళాశాల వెనుక పచ్చిక బయళ్లలో బూమరాంగు విసిరేవాడు. విసిరినవాడి చేతికే తిరిగివచ్చే ఆ ఆస్ట్రేలియా కర్ర ఎందుకు తిరిగివస్తుందో లెక్కలు కట్టి గ్రంథస్థం చేశాడు. స్నేహితులు ఆయనకు బూమరాంగు వాకర్ అని పేరు పెట్టారు.

ఇటువంటి మనిషి 1903లో ఇండియాకు వచ్చి, 1904 జనవరి నుంచి వేధశాలల డైరెక్టరు జనరలుగా సిమ్లాలో కూర్చొన్నాడు. ముప్పయి అయిదేళ్ల వయసు. మేఘాన్ని చూసి వాన చెప్పే విద్య లేదు. అది తనకు తెలియదని ఆయనకు తెలుసు. నా లెక్కన ఇదే ఆయన పెట్టుబడి. తెలుసుననుకొన్నవాళ్లు అప్పటికి రెండుసార్లు తెల్లమొగం వేశారు గదా.

ఆయన చేసినది వినడానికి చాలా సాదా పని. చీమలు గుడ్లు మోసుకొని పోతే వాన వస్తుందని మన ఊళ్లలో అంటారు. నిజమా అని అడిగితే ఒక ముసలమ్మ అవునంటుంది, మరొకరు కాదంటారు. వాకర్ అయితే ఏమి చేస్తాడంటే, ముప్పయి నలభై ఏళ్ల దాఖలాలు ముందు పెట్టుకొని, చీమలు కదిలిన సార్లెన్ని, వాన పడిన సార్లెన్ని, చీమలు కదిలీ వాన పడని సార్లెన్ని అని లెక్క కట్టి, రెంటికీ ఉన్న చుట్టరికాన్ని ఒక అంకెలోకి దించుతాడు. పూర్తిగా కలిసి నడిస్తే ఆ అంకె ఒకటి. ఏ సంబంధమూ లేకపోతే సున్న. ఒకటి పెరిగితే మరొకటి తప్పక తగ్గుతుంటే ఋణ ఒకటి. సహసంబంధ గుణకం అని దానికి పేరు. చీమల బదులు ఆయన తీసుకొన్నవి ప్రపంచంలోని వేధశాలల రికార్డులు. హిమాలయాల మీద మే నెలాఖరు మంచు, దక్షిణ అమెరికాలో వసంతకాలపు వాయుపీడనం, జాంజిబారులో ఏప్రిలు, మే నెలల వాన, మారిషస్ దీవిలో మే నెల వాయుపీడనం. మన దేశపు వానకు ముందుగా వచ్చే గుర్తులని మొదటి రోజులలో ఆయన నమ్మినవి ఇవి.

ఈనాడు ఇటువంటి లెక్క యంత్రం మీద కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. ఆనాడు ప్రతి అంకెనూ ఒక గుమాస్తా చేతితో వేయాలి. సిమ్లా కార్యాలయంలో భారతీయ గుమాస్తాలు వరుసగా కూర్చొని ఏళ్ల తరబడి గుణించి, కూడి, వర్గమూలాలు తీశారు. ప్రపంచ వాతావరణం అని తరువాత పేరుపడ్డ ఆ మహా పరిశోధన వాళ్ల వేళ్ల మీదుగా నడిచింది. వాళ్లలో చాలామంది పేర్లు గ్రంథాలకు ఎక్కలేదు.

అంకెలు బోలెడు వేస్తే వాటిలో కొన్ని ఊరికే కూడా కలుస్తాయి. వందమంది జ్యోతిష్కులు వంద మాటలు చెబితే ఒకరి మాటైనా నిజమవుతుంది. మరుసటి యేడు ఆయన గుమ్మం ముందు జనం బారులు తీరుతారు. వాకర్ ఈ గుంటలో పడకుండా జాగ్రత్తపడ్డాడు. ఎన్ని సంబంధాలు వెదికితే వాటిలో అతి పెద్దది కేవలం కాకతాళీయంగా ఎంత పెద్దదిగా కనిపించవచ్చునో 1914లో ఒక కొలమానం ఇచ్చాడు. తన సూచనలను జోస్యమని పిలవడానికి కూడా ఆయన వెనుకాడేవాడు. రాబోయేదాని నీడ ముందుగా పడడం వంటిదని అర్థం వచ్చే మాటను వాడేవాడు. గట్టి గుర్తులు లేని యేడు నోరు మూసుకొని ఉండడమే మేలని ఆయన అభిప్రాయం.

1910లో ఆయన మరొక చిక్కుప్రశ్న చేపట్టాడు. వరుసగా చెడ్డ యేళ్లు రావడంతో, దేశంలో వాన శాశ్వతంగా తగ్గిపోయిందనీ, అడవులు నరకడం వల్ల ఇట్లా అయిందనీ, కాదు కాలవలు తవ్వడం వల్లననీ వాదోపవాదాలు చెలరేగాయి. మా ఊళ్లో రచ్చబండ మీద నా చిన్నతనంలో కూడా ఇదే వాదం విన్నాను. వాకర్ పాత రికార్డులన్నీ తిరగవేసి, శాశ్వతమైన మార్పుకు సాక్ష్యం లేదనీ, ఇవి ఎగుడుదిగుళ్లేననీ తేల్చాడు. ఆనాటికి అది సరైన తీర్పే. అయితే ఆయన చేతిలో ఉన్నది కొన్ని దశాబ్దాల లెక్క మాత్రమే. శతాబ్దాల మీద, వేల యేళ్ల మీద నడిచే మార్పులను అందుకోవడానికి ఆ తాడు చాలదు.

తెలుగువారు, తమిళులు అందరూ ఆయనకు ఋణపడిన సంగతి ఒకటున్నది. 1913 ఫిబ్రవరిలో వాకర్ పనిమీద మద్రాసు వచ్చాడు. హార్బరు కార్యాలయంలో, అంటే పోర్టు ట్రస్టులో, నెలకు ముప్పయి రూపాయల జీతం మీద పనిచేసే ఒక గుమాస్తా రాసిన లెక్కలను ఆ ట్రస్టు అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఆయనకు చూపించాడు. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. సీనియర్ రాంగ్లర్ కన్ను వెంటనే పట్టింది. ఫిబ్రవరి 26న వాకర్ మద్రాసు విశ్వవిద్యాలయానికి జాబు రాసి, ఈ యువకుడు కొన్నేళ్లపాటు బతుకుతెరువు చింత లేకుండా గణితానికే అంకితం కావాలని గట్టిగా సిఫారసు చేశాడు. పట్టా లేనివాడికి నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇవ్వడానికి విశ్వవిద్యాలయం ఒప్పుకొన్నది. మరుసటి యేడు రామానుజన్ కేంబ్రిడ్జికి ఓడ ఎక్కాడు. అందరికీ హార్డీగారి పేరు గుర్తుంటుంది. నడుమ నిలబడి తలుపు తీసిన ఈ వాతావరణ శాఖ దొర పేరు చాలామంది మరచిపోతారు.

సిమ్లాలో దొర సాయంకాలాలు ఆనందంగానే గడిచాయి. అన్నన్‌డేలు మైదానంలో బూమరాంగు విసిరేవాడు. కొండ అంచున నిలబడి, రెక్క ఆడించకుండా గంటల తరబడి తేలే గద్దలను, రాబందులను చూస్తూ గాలి ఎక్కడ పైకి లేస్తున్నదో ఆలోచించేవాడు. వేణువు అంటే ప్రాణం. వాయించడమే కాక, దాని రంధ్రాల అమరికను గణితంతో సవరించి మెరుగుపరిచాడు కూడా. మురళి పట్టిన వాతావరణ అధికారి! మనవాళ్లు చూసి ఉంటే కృష్ణాంశ అని తేల్చేసేవారు.

1918లో ఆయన లాహోరులో భారత సైన్సు కాంగ్రెసుకు అధ్యక్షత వహించాడు. ఆ యేడే వానలు ఘోరంగా తప్పాయి. దాని వెంటనే విషజ్వరం, అదే ఇన్‌ఫ్లుయెంజా, దేశం మీద పడి కోటిమందికి పైగా పొట్టనపెట్టుకొన్నది. తిండిలేక నీరసించిన శరీరాలను ఆ జ్వరం ఎట్లా ఊడ్చుకొనిపోయిందో మా నాయనమ్మ చెప్పేది. ఒకే పూట ఒకే ఇంటినుంచి రెండు పాడెలు లేచాయట. వానల లెక్క అంటే కార్యాలయాల్లో కాగితాల పని అని ఎవరైనా అనుకొంటే, అటువంటి ఇళ్లను తలచుకోవాలి.

ఇక ఆయన జీవితంలోని ముఖ్యఘట్టం. ఇండియాలో ఇరవై యేళ్లు కూడిన అంకెల కుప్పలోనుంచి మూడు పెద్ద ఊగిసలాటలు బయటపడ్డాయి. రెండు ఉత్తరార్ధ గోళంలో, ఒకటి అట్లాంటిక్ మీద, మరొకటి పసిఫిక్ మీద. అన్నిటికన్న పెద్దది మూడవది. దానిని 1924లో దక్షిణపు ఊగిసలాట అని ఆయన నామకరణం చేశాడు. మన బావుల దగ్గర ఏతం చూశారు గదా, ఒక కొస లేస్తే రెండవ కొస దిగుతుంది. పసిఫిక్ మహాసముద్రం మీద వాయుపీడనం పెరిగినప్పుడు హిందూమహాసముద్రం మీద, ఆస్ట్రేలియా ఉత్తర తీరం మీద తగ్గుతుంది. అక్కడ పెరిగితే ఇక్కడ తగ్గుతుంది. వేలమైళ్ల పొడవున్న ఏతం అది. పసిఫిక్ కొస లేచి, మన కొస దిగిన యేడు మన వానలు బాగుంటాయి. తిరగబడిన యేడు జావాలో, ఆస్ట్రేలియాలో, మన దేశంలో ఒక్కసారే కరువు వస్తుంది. 1877లో జరిగినది అదే. మోక పాతరలు ఖాళీ అయిన యేడు ఆస్ట్రేలియా దొడ్లలోని గొర్రెలు కూడా ఎండి చచ్చాయంటే, ఈ రెండు దుఃఖాలకూ ఒకే మూలం ఉన్నదని మొదట ఎవరు నమ్ముతారు?

ఏతం తొక్కుతున్నది ఎవరు అన్న ప్రశ్నకు వాకర్ దగ్గర జవాబు లేదు. అయితే ఆయన అనుమానం ఏ దిక్కున పోయిందో ఆయన రచనల్లో కనిపిస్తుంది. గాలికి జ్ఞాపకశక్తి తక్కువ. ఈ వారం తుపాను వచ్చే నెలకు గుర్తుండదు. మరి ఒక ఋతువులోని గుర్తు ఆరు నెలల తరువాతి వానను ఎట్లా చెప్పగలుగుతున్నది? నెమ్మదిగా వేడెక్కి, నెమ్మదిగా చల్లారే సముద్రమే ఆ జ్ఞాపకాన్ని మోస్తూ ఉండాలి. మహాసముద్రాల ప్రవాహాల జోరులో మార్పు వస్తే దాని పర్యవసానాలు చాలా దూరం పోతాయని ఆయన రాశాడు. రుజువు చేయడానికి మాత్రం ఆనాడు నడిసముద్రపు కొలతలు లేవు. ఓడలవాళ్లు బకెట్టు దించి తోడి చూసిన నీటి వేడి తప్ప ఆధారం శూన్యం.

1924లో సర్ బిరుదు పుచ్చుకొని ఇండియా వదిలాడు. లండనులోని ఇంపీరియల్ కళాశాలలో పదేళ్లు వాతావరణ శాస్త్రాచార్యుడుగా పనిచేశాడు. 1931లో, ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవు వాయుపీడనపు అంకెలను ముందు పెట్టుకొని ఆయన సాధించిన సమీకరణాలు యూల్-వాకర్ పేరుతో నేటికీ గణాంక శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ పాఠమే. మన పిల్లల్లో కంప్యూటరు చదువులవాళ్లు ఈ పేరు విని ఉంటారు. ఆ అంకెల వెనుక మన వానల వెదుకులాట ఉన్నదని వాళ్లకెవరూ చెప్పి ఉండరు. 1934 తరువాత ఆయన విశ్రాంతి తీసుకొంటూ మేఘాల పుట్టుక మీద ప్రయోగాలు, వేణువు, ఇవే లోకంగా బతికాడు.

కాని ఆయన కట్టిన సూత్రాలు కొన్ని కాలక్రమాన వీగిపోయాయి. బలంగా కనిపించిన సంబంధాలు తరువాతి దశాబ్దాలలో సడలాయి. కారణం చెప్పలేని లెక్కను విద్వాంసులు అనుమానంతో చూశారు. 1958 నవంబరు 4న, తొంభై యేళ్లు నిండిన తరువాత, సర్రే జిల్లాలో ఆయన కన్నుమూశాడు. సంస్మరణ వ్యాసం రాసినవారు మర్యాదగానే రాశారు గాని, ఆయన ఆశించినట్లు ప్రపంచ వాతావరణ సిద్ధాంతానికి ఆ పని పునాది కాగలిగేటట్లు కనిపించదని తేల్చేశారు.

ఆ తీర్పు రాస్తున్నప్పుడే దానిని కొట్టివేసే సాక్ష్యం పోగవుతూ ఉండడం విధి చమత్కారం. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం. దేశదేశాల ఓడలు పసిఫిక్ మీద తిరిగి కొలతలు తీశాయి. సరిగ్గా ఆ కాలంలోనే పెరూ తీరంలో క్రిస్మసు వేళకు వచ్చే వేడినీరు, జాలరులు బాల యేసు పేరిట ఎల్ నినో అని పిలిచేది, విపరీతంగా వచ్చింది. వేడి పెరూ గట్టు దగ్గర ఆగలేదు, మహాసముద్రపు నడిబొడ్డుదాకా పరచుకొన్నదని ఆ కొలతలు చూపాయి. ఆ అంకెలను కాలిఫోర్నియాలో జేకబ్ బ్యెర్‌క్నెస్ అనే పండితుడు పరిశీలించి, 1969లో ముడి విప్పాడు. సముద్రం వేడెక్కితే పీడనం మారుతుంది. పీడనం మారితే గాలి మందగిస్తుంది. గాలి మందగిస్తే సముద్రం ఇంకా వేడెక్కుతుంది. వాకర్ ఏతానికి ఒక కొసన గాలి, మరొక కొసన నీరు తొక్కుతున్నాయన్నమాట. పసిఫిక్ మీద తూర్పు పడమరలుగా తిరిగే ఆ గాలిచక్రానికి బ్యెర్‌క్నెస్ వాకర్ చలనం అని పేరు పెట్టాడు. పెద్దాయన పోయిన పదకొండేళ్లకు.

ఇక సముద్ర ప్రవాహాల మాట. పసిఫిక్ నీటిని తూర్పు గాలులు పడమటికి తోసి పోగుచేస్తాయి. అక్కడి నీటిమట్టం హిందూమహాసముద్రపు మట్టం కంటె ఎత్తుగా నిలుస్తుంది. పల్లానికి పోవడం నీటి ధర్మం గదా, ఇండోనేషియా దీవుల సందుల్లోనుంచి, మకస్సర్, లొంబోక్, ఒంబై జలసంధులగుండా, తైమూరు పక్కనుంచి అది మన సముద్రంలోకి జారుతుంది. ఉష్ణమండలంలో ఒక మహాసముద్రం మరొకదానిలోకి ఇట్లా కుమ్మరించే దారి భూగోళం మీద ఇదొక్కటే. ఎంత నీరు? 2004 నుంచి 2006 వరకు అనేక దేశాలవారు జలసంధుల్లో లంగరు వేసి ఉంచిన యంత్రాలతో కొలిచి చెప్పిన లెక్క, సెకనుకు సుమారు ఒకటిన్నర కోటి ఘనపు మీటర్లు. మావాళ్లకు అర్థమయ్యేటట్లు చెబుతాను. తుంగభద్ర ఆనకట్ట కట్టిననాటి నిలువ 133 టి.ఎం.సి.లు. ఆ జలాశయం అడుగునుంచి అంచుదాకా నిండడానికి ఈ ప్రవాహానికి నాలుగు నిమిషాలు చాలు. ఆ నీటికోసం మూడు రాష్ట్రాలు ఏళ్లకేళ్లు తగవులాడుకొంటున్నాయి!

ఎల్ నినో యేడు తూర్పు గాలులు సడలుతాయి, పసిఫిక్ పడమటి మట్టం దిగుతుంది, ఈ ప్రవాహం మందగిస్తుంది. దానికి ఎదురైన లా నినా యేడు జోరందుకొంటుంది. ఇది ఏటేటి మాట. పెద్ద మార్పులు మరొక తీరువి. ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో తూర్పు గాలులు బలపడి, పసిఫిక్ మింగిన వేడిలో గణనీయమైన భాగాన్ని ఈ ప్రవాహం హిందూమహాసముద్రానికి చేరవేసిందని 2015లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఇంకా వెనక్కు పోతే, మంచుయుగంలో సముద్రమట్టం నూట ఇరవై మీటర్లదాకా దిగి, జావా, సుమత్రా, బోర్నియోలు ఆసియాతో కలిసిపోయి, దారులు కొన్ని మూసుకొనిపోయాయి. ముప్పయి నుంచి యాభై లక్షల యేళ్ల క్రితం న్యూగినీ ఉత్తరానికి జరిగి ద్వారాన్ని ఇరుకు చేయడంతో, మన సముద్రంలోకి వచ్చే నీరు మారిందనీ, తూర్పు ఆఫ్రికా ఎండిపోవడానికి అదొక కారణమనీ ఒక వాదం ఉన్నది. సముద్రపు అడుగు బురదలోని సూక్ష్మజీవుల గుల్లలను, పగడాల పొరలను చదివి ఇవన్నీ తేలుస్తున్నారు. రాబోయే కాలానికి వేసిన లెక్కల్లో ఎక్కువ భాగం, భూమి వేడెక్కినకొద్దీ ఈ ప్రవాహం బలహీనపడుతుందని చెబుతున్నాయి. 1910లో వాకర్ అడిగిన ప్రశ్న, మార్పు శాశ్వతమా ఎగుడుదిగుడా అన్నది, మళ్లీ బల్లమీదికి వచ్చింది. ఈసారి మారుతున్నవి గాలి, నీరు రెండూ.

ఆ నీరు మన సముద్రంలో ఆగదు. పడమటికి సాగి, మారిషస్ ప్రాంతం మీదుగా మడగాస్కరు చేరి, ఆఫ్రికా కొసను చుట్టి కొంత భాగం అట్లాంటిక్‌లో కలుస్తుంది. ఇక్కడొక ముచ్చట. మారిషస్‌లో కూడా మోకా అనే ఊరున్నది! కాఫీగింజల మోఖా రేవు పేరు దానికి పెట్టారని చెబుతారు. మా మోకకూ దానికీ చుట్టరికం లేదు. కాని కోరంగి రేవునుంచి ఓడలెక్కి చెరకు తోటలకు పోయిన మన తెలుగువాళ్ల సంతతి ఆ దీవిలో ఈనాటికీ ఉగాది చేసుకొంటున్నది. వాళ్ల దీవి మీది మే నెల వాయుపీడనం చూసి వాకర్ మన పొలాల మీది వానను అంచనా వేశాడు.

ఎల్ నినో వచ్చిన ప్రతి యేడూ కరువే అనుకోరాదు. 1997లో అది మహా ఉద్ధృతంగా వచ్చినా మన దేశానికి వాన మామూలుగానే పడ్డది. హిందూమహాసముద్రానికే తూర్పు పడమరలుగా సొంత ఏతం ఒకటున్నదని 1999లో భారతీయులు, జపానువారు కలిసి కనుగొన్న తరువాత ఆ వింత కొంత అర్థమైంది. 2002, 2009, 2015 సంవత్సరాలలో మాత్రం దెబ్బ తప్పలేదు. పైగా ఎల్ నినో ముంగారిని చెడగొట్టినా, అక్టోబరు తరువాతి వానకు దక్షిణాన ఒక్కోసారి మేలే చేస్తుంది. హింగారి మీద ఆశ పెట్టుకొన్న మా రేగడి రైతు ఆ ఒక్కోసారి కోసం గొర్రు సిద్ధం చేసుకొని కూర్చొంటాడు.

మా అన్న మోకలోనే సేద్యం చేస్తున్నాడు. చదివినది ఎనిమిదో తరగతి. ఉగాది మరుసటిరోజు ఫోను చేసి, పిల్లల క్షేమం కనుక్కొని, పంచాంగంలో మేఘాధిపతి ఎవరో నాకు చెబుతాడు. తరువాత గొంతు తగ్గించి, పసిఫిక్ సముద్రం ఈ యేడు ఎట్లా ఉన్నదని అడుగుతాడు.